చెరువుకి కట్ట ఒక వైపు చాలు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈ మధ్య మీ సిటీ పేజీల్లో ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఫలానా చెరువుకి ఇన్ని కోట్లతో సుందరీకరణ, చుట్టూ వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, రంగు దీపాలు, ఫౌంటెన్, ఒక సెల్ఫీ పాయింట్, పక్కన ఎమ్మెల్యే గారు కొబ్బరికాయ కొడుతున్న ఫోటో. ఆ చెరువులోకి నీళ్లు ఎటు నుంచి వస్తాయి, నిండితే ఎటు పోతాయి అన్న ముక్క మాత్రం ఎక్కడా ఉండదు. నా గొడవంతా దాని గురించే. ఉత్తరం కాస్త పొడుగైంది. కోత పెట్టుకున్నా ఫర్లేదు గానీ కట్ట గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

ఊళ్లో పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు. వాలుగా ఉన్న నేలకి అడ్డంగా, దిగువ వైపు మాత్రమే కట్ట పోస్తారు. కట్టలో పొలాలకి నీళ్లు వదిలే తూము, పక్కన చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి. మిగతా మూడు వైపులా కట్ట ఉండదు, నేల మెల్లగా పైకి లేస్తూ పోతుంది. వానాకాలంలో నీళ్లు ఆ వాలు మీదకి ఎంత దూరం పోతే అంత దూరం చెరువే. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గుతాయి, ఆ తడి నేలలో దోసకాయో పుచ్చకాయో పెట్టుకునేవాళ్లు, గొర్రెలు మేసేవి. దాన్నే శిఖం భూమి అంటాం. ఇప్పుడు సుందరీకరణ పేరుతో చేస్తున్నదేంటంటే ఆ మూడు వైపులా కూడా మట్టి పోసి, రాళ్లు పేర్చి, పైన ట్రాక్ వేసి చెరువుని ఒక గిన్నెలా చుట్టేస్తున్నారు. రింగ్ బండ్ అంట దాని పేరు. గిన్నె అంచు ఎత్తుగా ఉంటే పై నుంచి వచ్చే నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయి? వెళ్లవు, అంచు బయటే ఆగుతాయి. అంచు బయట ఉన్నవి ఇళ్లు.

మా కాలనీలో జరిగింది సరిగ్గా ఇదే. ట్రాక్ వేయకముందు వాన పడితే నీళ్లు మా వీధుల్లోంచి పారి చెరువులోకి దిగిపోయేవి, రోడ్లు బాగా లేకపోయినా నీళ్లు మాత్రం గంటలో పోయేవి. ట్రాక్ వేశాక నీళ్ల కోసం కట్ట కింద రెండు సిమెంటు పైపులు పెట్టారు. తొలి వానకే ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బోండాలు చేరి అవి మూసుకుపోయాయి. ఇప్పుడు చెరువు సగం ఖాళీగా ఉండగానే మా సెల్లార్లు నిండుతున్నాయి. పొద్దున అదే ట్రాక్ మీద నేనూ నడుస్తాను, బాగానే ఉంటుంది, అది వేరే సంగతి.

రింగ్ బండ్‌తో ఇంకో తిరకాసు ఉంది. కట్ట బయట మిగిలిపోయిన శిఖం ఇక చెరువు కాదన్న భావన అందరికీ వచ్చేస్తుంది. మొదట అక్కడ ఇసుక కుప్పలు పడతాయి, తర్వాత ప్రీకాస్ట్ గోడ లేస్తుంది, ఆ తర్వాత ప్లాట్ల బోర్డు. కబ్జాదారుడు పది పదిహేనేళ్లు కష్టపడి చేయాల్సిన పని ప్రభుత్వమే తన డబ్బుతో చేసిపెట్టినట్టు అవుతుంది. రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, 168 జీవో, చూడండి. పాతిక ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, దాని నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలని ఉంది. కానీ ఎఫ్‌టీఎల్ గీత గీసేది ఎక్కడి నుంచి? రింగ్ బండ్ వేశాక జనం దృష్టిలో ఆ బండే గీత.

హైదరాబాద్ నేల సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన పట్టణ ప్రణాళికలు వేసేవాళ్లు దీన్ని మర్చిపోయి ఏ దేశం నుంచో నమూనాలు తెస్తుంటారు. ఇక్కడ మట్టి పొర పల్చన, దాని కింద గ్రానైటు. నీళ్లు తొందరగా ఇంకవు. పైగా ఎత్తుపల్లాలు. జూబ్లీహిల్స్ మీద పడ్డ చుక్క మూసీకి చేరేదాకా దిగుతూనే ఉంటుంది. అలాంటి నేలలో నీటిని ఆపుతూ ఆపుతూ కిందికి పంపాలని పాతకాలం వాళ్లు గొలుసుకట్టు చెరువులు కట్టారు. ఒకటి నిండితే మత్తడి దూకి కిందిదానికి, అది నిండితే ఇంకా కిందికి, చివరికి వాగులోకి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) పరిధిలో చిన్నా పెద్దా కలిపి మూడు వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకొచ్చాయి. ఇవన్నీ విడివిడి చెరువులు కావు, ఒక వరస. ఆ వరసలో మధ్య కుంట ఒకటి పోతే కిందిదానికి నీళ్లు అందకపోవచ్చు, లేదా ఒక్కసారిగా మీద పడొచ్చు. రెండూ చూస్తున్నాం. మాసాబ్ ట్యాంకులో ట్యాంకు లేదు. తలాబ్‌కట్టలో తలాబూ లేదు, కట్టా లేదు. పేర్లు మిగిలాయి, వానొచ్చిన రోజు నీళ్లు పాత అడ్రసుకే వస్తాయి.

2020 అక్టోబరు గుర్తుందా? 13వ తేదీ రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. పల్లె చెరువు తెగింది, నాలుగైదు రోజులకి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. చెరువుల వల్లే మునిగామని అప్పట్లో చాలామంది అన్నారు. చెరువు నిండితే పోవడానికి దారి లేకపోవడం వల్ల మునిగాం. మత్తడి కింద ఇళ్లు కట్టుకుని, మత్తడి కాలువని రెండడుగుల మోరీ చేసి, కట్ట మట్టి తవ్వుకుపోయి, ఆ మీదట చెరువుని తిడితే ఎలా?

ఇంకా వెనక్కి వెళ్తే 1908 సెప్టెంబరు 28. మూసీ వరదలో పదిహేను వేల మంది పోయారని లెక్క. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటాం, ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలిస్తే తేలిందేంటంటే నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి, ఆ వానకి వాటిలో 221 తెగాయి. ఒకదాని నీళ్లు ఇంకోదాని మీద పడి వరద అంతకంతకీ పెరిగింది. ఆయన ఊరి మధ్యలో గోడలు కట్టమని సరిపెట్టలేదు, ఎగువనే నీటిని పట్టి ఉంచమన్నాడు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మనం వాటిని మంచినీళ్ల చెరువులుగానే చూస్తాం కానీ పుట్టింది వరద ఆపడానికి.

ఆ రెండింటి చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దని 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. జంట జలాశయాల నీళ్లు ఇప్పుడు నగరానికి పెద్దగా అవసరం లేదన్నది అప్పుడు చెప్పిన కారణం. తాగడానికి అవసరం లేకపోవచ్చు సార్, వరదకి? పొలాలూ గుట్టలూ ఉన్న నేల మీద పడ్డ వాన మెల్లగా దిగుతుంది. అదే నేల మీద విల్లాలు, రోడ్లు వస్తే అదే వాన గంటల్లో జలాశయంలో పడుతుంది, గేట్లు గబగబా ఎత్తాలి. 2025 సెప్టెంబరు చివర్లో గేట్లు ఎత్తిన రాత్రి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ వచ్చింది, ప్రయాణికులని బయటికి తేవాల్సి వచ్చింది. మూసీ మధ్యలో కట్టుకున్న బస్టాండులోకి మూసీ రాకపోతే ఎక్కడికి పోతుంది అనుకోండి, అది కూడా నిజమే.

లెక్క ఒకటి చూడండి, కాగితం పెన్ను ఉంటే చాలు. వంద ఎకరాల కాలనీ మీద పది సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4 కోట్ల లీటర్లు. అంతా సిమెంటే అయితే దాదాపు అన్ని నీళ్లూ రోడ్డు మీదే. ఐదెకరాల కుంట, రెండు మీటర్ల లోతుంటే, పట్టేది కూడా 4 కోట్ల లీటర్లే. ఇప్పుడు నీళ్లు నిలిచే కూడళ్లలో రోడ్డు పక్కన భూమిలో కాంక్రీటు సంపులు కడుతున్నారు, వాననీళ్లు అందులో పట్టి తర్వాత మోటార్లతో తోడతారు. ఖైరతాబాద్, రాజ్‌భవన్ దారి, సచివాలయం దగ్గర కట్టారు. తప్పని చోట కట్టండి, కాదనను. కానీ పది లక్షల లీటర్ల సంపు అనుకున్నా నలభై కడితే ఒక ఐదెకరాల కుంటతో సమానం. కుంటకి మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు, ఎండాకాలంలో చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఉంటాయి, కొంగలొస్తాయి, సాయంత్రం ముసలివాళ్లు కూర్చుంటారు. సంపు మీద ఎవరు కూర్చుంటారు?

అంబర్‌పేటలో బతుకమ్మ కుంటని చూశాం కదా. పూర్తిగా పూడ్చేసి, చెత్త పోసి, పిచ్చి చెట్లు మొలిచిన చోట చెరువుల కబ్జాలు తీసే ప్రభుత్వ సంస్థ హైడ్రా వాళ్లు తవ్వితే కొన్ని అడుగుల్లోనే నీళ్లు వచ్చాయి. 2025లో దాన్ని మళ్లీ కుంట చేశారు. అక్కడి పనికి నా నమస్కారం. హైడ్రా మీద నాకు వేరే కోపాలున్నాయి, కింద రాస్తాను, కానీ ఇది మంచి పని.

మురుగు గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. పూర్వం మే నెలకి చెరువులు అడుగంటేవి, అంటే జూన్ వానని పట్టడానికి ఖాళీగా సిద్ధంగా ఉండేవి. ఇప్పుడు నగరంలో చాలా చెరువులు పన్నెండు నెలలూ నిండుగానే ఉంటాయి, మురుగుతో. చూసేవాళ్లకి అబ్బ చెరువు నిండా నీళ్లే అనిపిస్తుంది. అందులో వాన పట్టే చోటే లేదు. గుర్రపు డెక్క పెరుగుతుంది, దోమలు, వాసన, మళ్లీ దాన్ని తీయడానికి ఓ టెండరు. మురుగు శుద్ధి కేంద్రాలు కడుతున్నారు, అవి కావాలి. వాటితో పాటు చెరువులోకి నాలా దిగే చోట కొంత నేల వదిలి జమ్ము, తుంగ, మెట్టతామర, వట్టివేరు లాంటివి పెంచితే అవి కూడా ఎంతో కొంత శుభ్రం చేస్తాయి. మన దగ్గరే నెక్నాంపూర్ చెరువులో నీటి మీద తేలే పడకల మీద ఇలాంటి మొక్కలు పెంచారు. పెద్ద ఎత్తున చూడాలంటే కోల్‌కతా తూర్పు అంచుకి వెళ్లండి. అక్కడ 12,500 హెక్టార్ల చిత్తడి నేలల్లోకి నగరం మురుగు వదులుతారు, లోతు తక్కువ చెరువుల్లో ఎండా నాచూ కలిసి దాన్ని శుభ్రం చేస్తాయి, ఆ నీళ్లలో చేపలు పెంచి నగరానికే అమ్ముతారు. 2002లో దానికి అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మిషన్లు తక్కువ, మనుషులకి పని ఎక్కువ.

మూసీ పునరుజ్జీవం కోసం 2024లో మన మంత్రుల బృందం సియోల్ వెళ్లి చియోంగ్‌గ్యేచియాన్ వాగు చూసొచ్చింది. మంచిదే, పైన ఉన్న ఫ్లైఓవర్ కూల్చి 2005లో ఆ వాగు బయటికి తీయడం చిన్న ధైర్యం కాదు. కానీ అందులో పారే నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసేవే. అది ఒక అందమైన కాలువ. మనకి పనికొచ్చే పాఠం సింగపూర్‌లో ఉందని నా అభిప్రాయం. బిషాన్ పార్కు పక్కన కల్లాంగ్ నది రెండున్నర కిలోమీటర్లకి పైగా ఒక కాంక్రీటు కాలువలా తిన్నగా ఉండేది, అచ్చం మన బాక్స్ నాలాల్లాగే. ఆ కాంక్రీటు పగలగొట్టి, పార్కు నేలలోకే నదిని వంకరటింకరగా వదిలేసి, గట్లని రాళ్లతో మొక్కల వేళ్లతో నిలబెట్టి 2012లో తెరిచారు. మామూలు రోజు పిల్లలు నీళ్లలో కాళ్లు పెట్టి ఆడుకుంటారు. గట్టి వాన పడితే హెచ్చరిక వస్తుంది, జనం పైకి వెళ్తారు, పార్కు మునుగుతుంది. పార్కు మునగడానికే ఉంది, ఇళ్లు మునగకుండా. మనమేమో అదే సమయంలో నాలాలని కాంక్రీటు పెట్టెలు చేసి పైన మూత వేస్తున్నాం. లోపల ఏం పేరుకుందో పైకి కనపడదు, పూడిక తీయడానికి మనిషిని దింపాలి.

ప్రకృతిని నమ్ముకుంటే వరదలే రావని నేను చెప్పడం లేదు. చైనాలో 2015 నుంచి స్పాంజ్ సిటీలని, అంటే వాననీళ్లని స్పాంజిలా పీల్చుకునే నగరాలని, చాలా ఖర్చు పెట్టారు. అందులో డబ్బు పోసిన ఝెంగ్‌ఝౌలోనే 2021 జులైలో ఒక్క గంటలో 20 సెంటీమీటర్ల వాన పడితే మెట్రో సొరంగంలోకి నీళ్లొచ్చి మనుషులు పోయారు. అంత వానని ఏ చెరువూ, ఏ పైపూ ఆపలేదు. కానీ మనం మునుగుతున్నది అంత వానకి కాదు సార్, ఐదారు సెంటీమీటర్లకి.

ఇంకో చిన్న విషయం, ఖర్చు లేనిది. మన రోడ్ల డివైడర్లు చూడండి. ఎత్తుగా గట్టు కట్టి లోపల మట్టి పోసి మొక్కలు పెడతారు. వాన పడితే రోడ్డు నీళ్లు అందులోకి పోవు, ఆ మట్టే కారి రోడ్డు మీదకి వస్తుంది. ఎండాకాలంలో అవే మొక్కలకి ట్యాంకరుతో నీళ్లు పోస్తారు, వెనకాల ట్రాఫిక్ జామ్. ఆ మట్టి రోడ్డు కంటే అడుగు కిందికి ఉండి, అంచు రాళ్ల మధ్య సందులు వదిలితే రోడ్డు నీళ్లు అందులో ఇంకుతాయి. ఫుట్‌పాత్ చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పోయడం కూడా అంతే. ఆ చెట్టు గాలివానకి పడిపోతే చెట్టు మీద నింద. నీడనిచ్చే వేప, కానుగ, రావి ఉండగా హరితహారంలో కోనోకార్పస్ అనే విదేశీ మొక్క ఎందుకు అంతలా నాటారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇది హైదరాబాద్ ఒక్కదాని బాధ కాదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌లో మా బంధువులు వరదలో చిక్కుకుని రెండో అంతస్తులో తాగే నీళ్లు, పాలు లేకుండా కూర్చున్నారు. బుడమేరు వాగు పుట్టింది కొల్లేటికి పోవడానికి. వెలగలేరు దగ్గర దాన్ని కృష్ణకి మళ్లించాం, మళ్లించాక నగరంలోని పాత దారితో పనిలేదనుకున్నాం. అదే సమయంలో కృష్ణ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది, మళ్లింపు కాలువకి గండ్లు పడ్డాయి, బుడమేరు తన పాత దారి వెతుక్కుంది. అమరావతిలో కొండవీటి వాగు వరద కోసం నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు జలాశయాలు ప్రణాళికలో పెట్టారు. భవనాల కంటే ముందు అవి పూర్తి చేయండని అక్కడివాళ్లు గట్టిగా అడగాలి. ఖాళీ నేల మీద ఊరు కట్టుకునే అవకాశం మళ్లీ మళ్లీ రాదు.

హైడ్రా మీద కోపం అన్నాను కదా. చెరువుల్లో కట్టినవి తీయాల్సిందే, నాకు అనుమానం లేదు. కానీ అన్ని అనుమతులు చూసి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, బ్యాంకు లోను తీసుకుని ఇల్లు కొనుక్కున్న చిరుద్యోగి రోడ్డున పడుతుంటే, ఆ లేఅవుట్‌కి సంతకం పెట్టిన అధికారి హాయిగా రిటైరై పెన్షన్ తీసుకుంటున్నాడు. నాలా గట్టున గుడిసె వేసుకున్నవాళ్లకి వేరే చోట ఇల్లు చూపించాకే గుడిసె తీయాలి, అదీ ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల కాదు. అమ్మినవాడి దగ్గర, అనుమతి ఇచ్చినవాడి దగ్గర వసూలు చేయండి. అలా ఒక్క కేసు గట్టిగా నడిస్తే బుల్డోజర్ అవసరం సగానికి సగం తగ్గుతుందని నాకనిపిస్తుంది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లని సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది, అక్కడ చెట్లు కొట్టించింది కబ్జాదారుడు కాదు, ప్రభుత్వమే. ఒక చేత్తో చెరువు కాపాడుతూ ఇంకో చేత్తో దాని పైనున్న నేలని అమ్మకానికి పెడితే జనం ఏం నమ్ముతారు?

చివరగా మీ పత్రికకి ఒక విన్నపం. ఇక మీదట చెరువు సుందరీకరణ వార్త ఏది వేసినా మూడు సంగతులు కలిపి వేయండి: ఎగువ నుంచి నీళ్లు తెచ్చే నాలా ఏది, మత్తడి నీళ్లు ఏ చెరువుకి పోతాయి, ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్లు పాతారా లేదా. శంకుస్థాపన రోజు మీ విలేకరి ఆ మూడూ అడిగితే చాలు. వేదిక మీద ఉన్నవాళ్లకి జవాబు తెలియకపోతే, తెలియదన్నారని అదే వార్తలో రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్